మా చేతుల మీది మచ్చలు బొల్లి కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆరోగ్యం పేజీని నేను వదలకుండా చదువుతాను. కనిగిరిలో ఇరవై ఏళ్లకు పైగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. ఆదివారం కొట్టు ఆలస్యంగా తీస్తాను కాబట్టి పేపరు చదివే తీరిక ఆ ఒక్కరోజే. పోయిన నెల ఆ పేజీలో ఒకామె ప్రశ్నకు జవాబు వేశారు. చేతుల మీదా పాదాల మీదా చిన్నప్పటి నుంచి తెల్లవీ గోధుమరంగువీ కలిసిన చుక్కలున్నాయనీ, నొప్పీ దురదా ఏమీ లేవనీ, వాళ్ల నాన్నకూ ఇట్లాగే ఉన్నాయనీ ఆమె రాసింది. మీ జవాబు రెండే ముక్కలు: ఇది బొల్లి, పాకకముందే మందు మొదలుపెట్టండి. పైన ఒక చేతి ఫొటో, దాని కింద 'బొల్లి' అని పెద్ద అక్షరాలు.

ఫొటోలో ఉన్నది బొల్లి చెయ్యే, కాదనను. కానీ ప్రశ్నలో ఆమె చెప్పిన గుర్తులు ఒక్కటి కూడా పొల్లుపోకుండా నావి. మా నాయనవి, మా నాయనమ్మవి, మా తమ్ముడివి, వాడి కొడుకువి, మా అమ్మాయివి. మాకెవరికీ బొల్లి లేదు.

మా మచ్చలు ఎట్లా ఉంటాయో చెప్తాను. బియ్యపు గింజంత నుంచి కందిపప్పు బద్దంత దాకా ఉండే చుక్కలు. కొన్ని చామనఛాయ కంటే నల్లగా, కొన్ని పాలిపోయినట్టు తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి. ముంజేతి నుంచి వేళ్ల దాకా పైవైపునే ఉంటాయి, అరచేతులు శుభ్రంగా ఉంటాయి. కాళ్లకూ అంతే, పాదం పైన ఉంటాయి, అరికాలిలో ఉండవు. కుడి చేతికెట్లా ఉంటే ఎడమ చేతికీ ఇంచుమించు అట్లాగే. బడిలో వేసేనాటికే కనపడతాయి, పెద్దయ్యేకొద్దీ కొన్ని పెరుగుతాయి, ఆ తర్వాత చచ్చేదాకా అట్లాగే ఉంటాయి. నాకిప్పుడు నలభై ఆరేళ్లు. పదో తరగతి ఫొటోలో ఉన్న చేతులే ఇప్పుడూ ఉన్నాయి, కాకపోతే సూది గుచ్చుకున్న గుర్తులు కొన్ని కలిశాయి.

వీటికి మా వైపు జనం చెప్పని కారణం లేదు. మా నాయన చిన్నప్పుడు పొగాకు బ్యారన్ దగ్గర ఆకు గుచ్చేవాడు, అందుకని పొగాకు పసరు అంటుకుందన్నారు. మా నాయనమ్మ గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుందన్నారు. నా కాలం వచ్చేసరికి నెపం ఫ్లోరైడ్ నీళ్ల మీదికి పోయింది. అది నమ్మడానికి బాగానే ఉంటుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొట్టమొదట 1937లో గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా కనిగిరి కూడా ఆ జిల్లాలోదే. ఆ నీళ్లు పళ్ల మీద గార తెస్తాయి, నడుములు వంచేస్తాయి, మా వీధిలోనే చూశాను. కానీ చేతుల మీద చుక్కలు పెట్టవు. అవే నీళ్లు తాగిన మా అమ్మకు ఒక్క చుక్క లేదు, మా ఆయనకు లేదు, మా అబ్బాయికీ లేదు.

మందుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ జవాబులో 'మందు మొదలుపెట్టండి' అన్న మాట చూసి నాకు గుండె ఝల్లుమంది. మా నాయనకు పాతికేళ్లప్పుడు ఒకాయన బొల్లే అని తేల్చి, బావంచి గింజలు నూరి పూసి ఎండలో కూర్చోమన్నాడు. బావంచిలో ఎండను చర్మానికి పట్టించే గుణం ఉంటుంది, బొల్లికి దాన్ని వాడటం పాతకాలం నుంచీ ఉన్నదే. బొల్లి లేని చేతికి పూసి, మా ఊరి ఏప్రిల్ ఎండలో కూర్చుంటే ఏమవుతుంది? చేతులు బొబ్బలెక్కి నెలరోజులు అన్నం కలుపుకోలేకపోయాడు, మా అమ్మ ముద్దలు పెట్టింది. బొబ్బలు మానాక చూస్తే చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పైగా కాలిన మచ్చలు కొత్తగా తోడయ్యాయి.

అసలు పేరు మాకు తెలిసింది రెండేళ్ల క్రితం. మా అమ్మాయి నెల్లూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరో ఏదో అన్నారని ఏడ్చి ఫోన్ చేసింది. బస్సెక్కి పోయి, ఇద్దరం కలిసి అక్కడ ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె ముందు మా అమ్మాయి చేతులు చూసింది, తర్వాత నా వైపు తిరిగి, "మీ చేతులు కూడా బల్ల మీద పెట్టండమ్మా" అంది. నేను కొంగు కింద దాచుకుని కూర్చున్నా, ఆమెకెట్లా తెలిసిందో! నాలుగు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టగానే నవ్వింది. మమ్మల్ని కళ్లు మూసుకోమని దూదిపోగుతో మచ్చ మీద ఒకసారి, మచ్చ పక్కన ఒకసారి తాకిస్తూ "ఎక్కడ తగిలింది?" అని అడిగింది. అన్నీ సరిగ్గా చెప్పాం. కుష్టు మచ్చ మీద అయితే ఆ స్పర్శ తెలియదట. మా అత్తగారి ఊళ్లో నా వెనక 'పెద్దరోగం' అని ఎన్నేళ్లు గుసగుసలాడారో. ఒక్క దూదిపోగుతో తీరిపోయే అనుమానం అది.

ఆ మాట రాస్తుంటే నాకే ఒక రకంగా ఉంది. 'మాది కుష్టు కాదు' అని గట్టిగా చెప్తుంటే కుష్టు ఉన్నవాళ్లను నేనూ ఒక మెట్టు కిందికి తోసినట్టుంటుంది. ఆ జబ్బుకు ఉచితంగా మందులిస్తున్నారు, వాడితే నయమైపోతుంది. అయినా మొగుడికో పెళ్లానికో కుష్టు ఉందని విడాకులు అడిగే వీలు మన చట్టంలో 2019 దాకా ఉండేదట, ఆ ఏడాదే తీసేశారు. సరే, నా విషయానికి వస్తాను.

డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చిన పేరు డిస్‌క్రొమటోసిస్ సిమెట్రికా హెరిడిటేరియా. రంగు తేడా, రెండు వైపులా ఒకేలా, వంశంలో వచ్చేది అని అర్థమట. ఆ పేరు 1929లో ఒక జపాన్ డాక్టరు పెట్టింది. జపాన్, చైనాల్లో ఎక్కువగా చూశారు, మన దేశంలోనూ ఉంది. మందు అక్కర్లేదు, ఎండలో పోయేటప్పుడు పొడుగు చేతులు వేసుకో, క్రీమ్ రాసుకో, అంతే అంది. జన్యు పరీక్ష చేయించాలా అని అడిగితే, "చూస్తేనే తెలిసిపోతుంటే డబ్బులు దండగ ఎందుకు?" అంది. అంత మంచి మాట చెప్పే డాక్టర్లను నేను తక్కువ చూశాను.

జన్యువు పేరు అడార్. ఒకటో నంబరు క్రోమోజోము మీద ఉంటుంది. మా మచ్చలకు కారణం ఈ జన్యువే అని 2003లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. మా అమ్మాయి దీన్ని నాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారి నా కొట్లో, కటింగ్ బల్ల దగ్గర చెప్తే అర్థమయింది. నాకు అర్థమైనట్టే మీకు చెప్తాను, మీ పాఠకుల్లో కుట్టుపని తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు.

జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆది జాకెట్టు తెస్తారు. దాన్ని మేం విప్పం, కత్తెర పెట్టం, భద్రంగా దాచి మళ్లీ ఇచ్చేస్తాం. దాని కొలతలు ఒక చీటీ మీద రాసుకుని, చీటీని కుట్టేవాళ్లకు ఇస్తాం. ఒంట్లో డీఎన్ఏ ఆది జాకెట్టు లాంటిది. ఆర్ఎన్ఏ ఆ చీటీ. కణం చీటీ చూసి కుడుతుంది. ఇప్పుడు ఆదిలో చంక బిగుతుగా ఉందనుకోండి, నేను ఆదిని ముట్టుకోను, చీటీ మీద అంకె దిద్దుతాను. అడార్ జన్యువు నుంచి తయారయ్యే ఎంజైము పని అదే, చీటీ మీద దిద్దుబాటు. ఆర్ఎన్ఏ రాతలో నాలుగు అక్షరాలుంటాయి, ఎ, యు, జి, సి. ఈ ఎంజైము కొన్నిచోట్ల ఎ ని పట్టుకుని ఇనోసిన్ అనే వేరే అక్షరంగా మార్చేస్తుంది. కుట్టే యంత్రం దాన్ని జి అనుకుని చదువుకుంటుంది. ఆదిలో ఎ అలాగే ఉంటుంది, చీటీలో మాత్రం మారిపోతుంది. ఇట్లాంటి దిద్దుబాటు ఒకటి జరుగుతుందని 1980ల చివర్లో కప్పగుడ్ల మీద పనిచేస్తుండగా తెలిసిందట. కప్పగుడ్లకూ మా కనిగిరి చేతులకూ చుట్టరికం ఉందంటే మా నాయన ఇప్పటికీ నమ్మడు.

అన్ని అక్షరాలనూ దిద్దదు. చీటీ మడతపడి తన మీద తానే అతుక్కున్నచోట, అంటే ఆర్ఎన్ఏ రెండు పేటలుగా ఉన్నచోట మాత్రమే దిద్దుతుంది. ఇక్కడే అసలు సంగతి ఉంది. కొన్ని వైరస్‌లు ఒంట్లో దూరినప్పుడు వాటి ఆర్ఎన్ఏ కూడా రెండు పేటలుగా ఉంటుంది. అట్లాంటిది కనపడితే అరిచి గోల చేయడానికి కణంలో ఒక కాపలా ఉంటుంది, ఎండీఏ5 అని. మన సొంత చీటీ మడతపడితే అది కూడా వైరసేనేమో అని ఆ కాపలా పొరబడొచ్చు. అడార్ అక్కడక్కడా అక్షరాలు మార్చేసరికి ఆ అతుకు వదులవుతుంది, కాపలావాడు మన మనిషేలే అని ఊరుకుంటాడు. అడార్ లేకపోతే ఒంట్లో లేని వైరస్ మీద యుద్ధం మొదలవుతుంది.

ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మాలాంటివాళ్లకు అడార్‌లో ఒక ప్రతి పాడైంది, ఒకటి బాగుంది. ఆ ఒక్కటీ ఒళ్లంతా నెట్టుకొస్తుంది, చేతులూ పాదాల చర్మం రంగు దగ్గర మాత్రం చాలదు, చుక్కలు పడతాయి. చాలామందికి అంతకుమించి ఏ ఇబ్బందీ ఉండదు. మా నాయనకు డెబ్భై నాలుగేళ్లు, ఇప్పటికీ సంతకు నడిచే వెళ్తాడు. బిడ్డకు ఈ పాడైన ప్రతి వచ్చే అవకాశం సగం. నాణెం ఎగరేసినట్టు. మా అమ్మాయికి బొమ్మ పడింది, అబ్బాయికి బొరుసు పడింది.

ఇంతవరకూ అయితే నేను మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. నోరు మూసుకుని కుట్టుకునేదాన్ని. కొలత తీసుకుంటుంటే చెయ్యి తగలకుండా ఒళ్లు వెనక్కి లాక్కునేవాళ్లు నాకు కొత్త కాదు. మగ్గం వర్క్ చేయించిన పెళ్లి జాకెట్టు ఇస్తూ "అక్కా, ఇది నువ్వు కాకుండా నీ దగ్గర చేసే అమ్మాయి చేత కుట్టించు" అన్నవాళ్లూ ఉన్నారు. నేను కుట్టి, ఆ అమ్మాయి కుట్టిందని చెప్పి ఇచ్చాను. బాగా కుట్టిందని మెచ్చుకున్నారు కూడా.

మీ పేజీ రాకముందు వారం మా అమ్మాయికి పెళ్లిచూపులు జరిగాయి. కందుకూరు వైపు సంబంధం, అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. అమ్మాయి టిఫిన్ ప్లేట్లు ఇస్తుంటే అబ్బాయి మేనత్త చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "ఏందమ్మా ఇవి, నూనె చిందిందా?" అంది. మా అమ్మాయి తడుముకోకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ అబ్బాయి విన్నాడు, రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. నాకు ఆశ పుట్టింది. ఆదివారం మీ పేపరు వచ్చింది. సోమవారం పొద్దున మధ్యవర్తి వాట్సాప్‌లో మీ పేజీ ఫొటో తీసి పంపాడు. 'బొల్లి' అన్న అక్షరాల చుట్టూ ఎర్రగా గీసి ఉంది. కింద ఇంకేమీ రాయలేదు. రాయాల్సిన పనీ లేదు.

వాళ్లు వద్దనుకోవడం వాళ్లిష్టం. బొల్లి అయితే మాత్రం ఏమయింది, అదీ అంటుకునేది కాదు కదా. నా బాధ ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన మాటలు. మా నాయన ఆ రాత్రి, "బయటివాళ్ల చేత ఈ మాటలు పడటం ఎందుకు? నీ తమ్ముడి కొడుకున్నాడు, వాడికీ ఈ మచ్చలే ఉన్నాయి, ఒకరినొకరు ఏమీ అనుకోరు, మేనరికం చేసేద్దాం" అన్నాడు. మా తమ్ముడు సరే అన్నాడు. మా మరదలు అప్పుడే పసుపుకుంకాల లెక్క వేసింది. ఇంట్లో అందరికీ ఎంత తేలికైపోయిందో! నాకు కూడా ఒక్క క్షణం హాయిగా అనిపించింది, దాచను.

కానీ డాక్టరమ్మ మేం లేచి వస్తుంటే గుమ్మం దగ్గర పిలిచి చెప్పిన మాట ఒకటుంది. "ఏ సంబంధమైనా చేసుకోండి, ఈ మచ్చలున్నవాళ్లు ఇద్దరు మాత్రం చేసుకోకండి." ఇద్దరికీ ఒక్కో ప్రతి పాడై ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు ప్రతులూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగో వంతు. అప్పుడు అది చుక్కలతో పోయేది కాదు. ఎలుకల్లో రెండు ప్రతులూ పని చేయకుండా చేస్తే పిల్లలు కడుపులోనే చనిపోయాయి. మనుషుల్లో అడార్ రెండు ప్రతులూ దెబ్బతిన్న పసిపిల్లలకు ఐకార్డీ గూటియేర్ అనే జబ్బు వస్తుందని 2012లో తేలింది. 1984లో ఆ జబ్బును మొదట వివరించిన ఇద్దరు ఫ్రెంచి డాక్టర్ల పేర్లవి. అమ్మ కడుపులో ఉండగా వైరస్ సోకిందేమో అనిపించేట్టు బిడ్డ మెదడు దెబ్బతింటుంది, వెతికితే వైరస్ ఉండదు. నేను పైన చెప్పిన కాపలావాడి గోలే అది.

సంపాదకులు గారూ, ఇప్పుడు మీ రెండు ముక్కల జవాబు ఎంత దూరం పోయిందో చూడండి. మాకు ప్రమాదం లేని సంబంధాలేమో బయటివి. వాటిని 'బొల్లి' అన్న మాట చెడగొడుతుంది. అవి చెడితే మా బోటి ఇళ్లలో తలుపు తెరుచుకునేది మేనరికం వైపే. మచ్చలున్న కుటుంబానికి ఏ ఒక్క పెళ్లి కూడదో, సరిగ్గా ఆ పెళ్లికే మమ్మల్ని తోస్తున్నారు. మా జిల్లాలో మేనరికాలు ఎంత మామూలో మీకు నేను చెప్పాలా?

ఇంట్లో ఒప్పించడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. మా నాయన "మీ అమ్మా నేనూ మేనరికమే, మీరంతా బాగానే ఉన్నారుగా" అన్నాడు. నిజమే, కానీ మా అమ్మకు మచ్చలు లేవు. ఆ ముక్క మీద నిలబడి వాదించాను. చివరికి మా అమ్మాయే తాత ముందు శనగలు పోసి కూర్చుంది. నల్ల శనగ పాడైన ప్రతి, కాబూలీ శనగ మంచి ప్రతి. అమ్మ వైపు రెండు, నాన్న వైపు రెండు, ఒక్కో జతలో ఒక నల్లదీ ఒక కాబూలీదీ పెట్టి, తాత చేత ఒక్కో జత నుంచి ఒకటి కళ్లు మూసుకుని తీయించింది. నాలుగోసారికో ఐదోసారికో రెండు నల్లవి వచ్చాయి. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మేనరికం మాట ఎత్తలేదు. మా మరదలు మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. మచ్చల వంక పెట్టి తన కొడుకును కాదన్నానని ఆమె నమ్మకం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. అదే ఆరోగ్యం పేజీలో, అంతే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. బొల్లి పొడ పాలలా తెల్లగా ఉంటుంది, ఏ వయసులోనైనా రావచ్చు, పెరగవచ్చు. చిన్నప్పటి నుంచి ఉండి, నలుపూ తెలుపూ కలిసి, చేతులూ పాదాల పైవైపున రెండు పక్కలా ఉండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే, స్పర్శ బాగానే తెలుస్తుంటే, పూత మందు కొనేముందు ఒక్కసారి చర్మం డాక్టరుకు చూపించుకోమని రాయండి. మచ్చలున్నవాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకోవాలనుకుంటే ముందు డాక్టర్ని అడగమని తప్పకుండా రాయండి. ఆ ప్రశ్న రాసిన ఆమె ఎవరో నాకు తెలియదు. ఈపాటికి బావంచి నూరుతుందేమో అని భయంగా ఉంది. ఆమె చిరునామా మీ దగ్గర ఉంటుంది కదా, పేపర్లో వేసేదాకా ఆగకుండా ఒక కార్డు ముక్క రాసినా చాలు.

ఈసారి ఫొటో వేయాలంటే నెట్‌లో దొరికింది వేయకండి. మా నాయనవి, నావి, మా అమ్మాయివి ఆరు చేతులు కటింగ్ బల్ల మీద పెట్టి తీసిన ఫొటో ఈ ఉత్తరంతో జతచేశాను. మొహాలు రాకుండా చూసుకుని తీశాడు మా అబ్బాయి. టేపు కూడా పడింది, మచ్చల సైజు తెలుస్తుందని ఉంచేశాను.

ఉత్తరం పొడుగైంది. కత్తిరించుకోండి, ఆ పని విలువ నాకు తెలుసు. శనగల సంగతి తీసేసినా ఫర్వాలేదు, డాక్టరమ్మ చెప్పిన మేనరికం సంగతి మాత్రం తీయొద్దు.

పేరు వేయవద్దని మనవి. సిగ్గుపడి కాదు. అమ్మాయికి ఇంకా సంబంధాలు చూస్తున్నాం.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
కనిగిరి